మలుపు లేన్ పుట్టుపూర్వోత్తరాలు

తిరుపతి లీలామహల్ సర్కిల్‌లో ఏ పొద్దున చూసినా నాలుగైదు రాష్ట్రాల నంబరు ప్లేట్లు ఒకచోట కనిపిస్తాయి. వేలూరు నుంచి వచ్చిన వ్యాను, బెంగళూరు నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన టూరిస్టు బస్సు, హైదరాబాదు కారు, వాటి సందుల్లో కరకంబాడి వైపు పోయే ఆటోలు, డ్యూటీకి పరుగెత్తే బైకులు. బయటి నుంచి వచ్చినవాళ్ళలో చాలామందికి ఊరు కొత్త. తిరుమల కొండ పాదాన ఉన్న అలిపిరికి ఎటు తిరగాలో సర్కిల్ మధ్యకు వచ్చాక గానీ తెలియదు. అప్పటికి బండి ఎడమ అంచున ఉంటుంది, పోవాల్సిన దారి కుడి పక్కన ఉంటుంది. వెనక హారన్లు మోగుతుంటాయి. డ్రైవరు ఉన్నచోటి నుంచే స్టీరింగు తిప్పేస్తాడు. నేరుగా పోయే బండ్లన్నీ ఒక్కసారిగా బ్రేకు వేస్తాయి.

ఈ చిక్కు తీర్చడానికి పుట్టిందే మలుపు లేన్. సర్కిల్‌కు చేరేలోపే ఎడమకు పోయేవాళ్ళు ఎడమ వరుసలోకి, నేరుగా పోయేవాళ్ళు మధ్య వరుసలోకి, కుడికి పోయేవాళ్ళు డివైడర్ పక్క వరుసలోకి సర్దుకోవాలి. తారు మీద తెల్ల బాణాలు గీసేది అందుకే. చూడటానికి చిన్న ఏర్పాటు. కానీ ఇది ఈ రూపానికి రావడానికి రెండు ఖండాల్లో, ఒక శతాబ్దానికి పైగా పట్టింది. తెలిసినవాళ్ళ మధ్య దారి ఇచ్చుకోవడానికి రాసిపెట్టిన రూలు అవసరం పడలేదు. ఒకరి ముఖం ఒకరు ఎరగనివాళ్ళు ఒకే రోడ్డెక్కిన ప్రతిచోటా రూలు రాయక తప్పలేదు. రోజూ వేలమంది కొత్తవాళ్ళు వచ్చిపోయే తిరుపతికి ఆ చరిత్ర దగ్గరి సంగతి.

రథం తిరిగే మూల

తిరుపతిలో మలుపు గురించి అందరికంటే ముందు ఆలోచించింది మోటారు డ్రైవర్లు కాదు, రథం నడిపేవాళ్ళు. 1130లో రామానుజులు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించారని, ఆ గుడి చుట్టూ ఊరు పెరిగిందని సంప్రదాయం చెబుతుంది. గుడి చుట్టూ ఉన్న మాడవీధుల్లో బ్రహ్మోత్సవాల ఎనిమిదో రోజు రథోత్సవం జరుగుతుంది. రథానికి స్టీరింగు ఉండదు. నేరుగా లాగినంత సేపు జనం బలం చాలు. మూల దగ్గరికి వచ్చేసరికి బలం ఒక్కటే సరిపోదు. చక్రాల కింద కట్టె మొద్దులు ఏటవాలుగా అడ్డుపెట్టి, ఒక పక్క ఆపి, రెండో పక్క కదిలించి, తాడు పట్టినవాళ్ళను కొత్త వీధి వైపు మళ్ళించి, అడుగు అడుగుగా తిప్పుతారు. ఆ కాసేపు మూలను పూర్తిగా ఖాళీ చేస్తారు.

అక్కడ ఎవరూ ఎవరినీ ఢీకొనరు. కారణాలు రెండు. ఊరేగింపు ఎప్పుడూ ప్రదక్షిణ దిశలోనే సాగుతుంది కాబట్టి ఎదురు వచ్చే ప్రశ్నే లేదు. రథం ఎటు తిరగబోతోందో వీధిలో ఉన్న ప్రతి ఒక్కరికీ ముందే తెలుసు. ఎదురు లేకుండా చూడటం, మలుపు సంగతి ముందే తెలియజేయడం: తర్వాతి కాలపు ట్రాఫిక్ ఇంజనీర్లు లెక్కలు కట్టి, రంగులు పూసి, లైట్లు పెట్టి సాధించాలని చూసింది కూడా ఈ రెండింటినే.

ఎడమ తేలిక, కుడి కష్టం

మన దేశంలో ఎడమ పక్కన నడపడం బ్రిటిష్ వాళ్ళ నుంచి వచ్చింది. 1722లో లండన్ బ్రిడ్జి మీద బండ్ల రద్దీ తట్టుకోలేక, అందరూ ఎడమ పక్కనే పోవాలని నగర మేయరు ఉత్తర్వు వేశాడు. 1835 నాటి హైవే చట్టం దాన్ని ఇంగ్లండ్ అంతటికీ వర్తింపజేసింది. వలస దేశాలకూ అదే పాకింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే నాటికి మద్రాసు ప్రెసిడెన్సీ రోడ్లన్నిటి మీదా ఎడమ పక్కే ఆనవాయితీ.

ఎడమ పక్కన పోయేవాడికి ఎడమ మలుపు తేలిక. అంచు పట్టుకుని పక్క రోడ్డులోకి దిగిపోతాడు, ఎవరి దారీ కోయడు. కుడి మలుపు అలా కాదు. ఎదురుగా వచ్చే బండ్ల బారును దాటాలి, అడ్డరోడ్డు మీద పోయేవాళ్ళను కూడా దాటాలి.

ట్రాఫిక్ ఇంజనీర్లు దీన్ని అంకెల్లో చూపిస్తారు. రెండు మామూలు రోడ్లు కలిసే నాలుగు దారుల కూడలిలో బండ్ల దారులు ఒకదాన్నొకటి తాకే చోట్లు 32. అందులో 8 చోట్ల బండ్లు విడిపోతాయి, 8 చోట్ల కలుస్తాయి. మిగిలిన 16 చోట్ల ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటాయి. ప్రాణాలు ఎక్కువగా పోయేది ఈ 16 దగ్గరే. వాటిలో 12 కుడి మలుపు వల్ల పుట్టినవి. నేరుగా పోయే దారుల మధ్య పుట్టేవి నాలుగే. కుడికి తిరిగేవాళ్ళను అదుపు చేయగలిగితే కూడలి ప్రమాదంలో పెద్ద భాగాన్ని అదుపు చేసినట్టే. మలుపు లేన్ చరిత్రంతా ఈ ఒక్క లెక్క చుట్టూ తిరుగుతుంది.

న్యూయార్క్‌లో రాసిన రూలు

మలుపు తిరిగే పద్ధతిని మొదట పద్ధతిగా రాసిపెట్టిన మనిషి విలియం ఫెల్ప్స్ ఈనో. న్యూయార్క్ సంపన్న కుటుంబం వాడు. గుర్రపు బగ్గీల రద్దీలో చిన్నప్పుడే ఇరుక్కుని, దానికి మందేమిటని జీవితమంతా ఆలోచించాడు. అతను రాసిన బండి నడిపే నియమాలను 1903లో న్యూయార్క్ పోలీసులు అమల్లో పెట్టారు. రోడ్ల గురించి ఇంత రాసిన ఈనో, కారు నడపడం మాత్రం ఎన్నడూ నేర్చుకోలేదని చెబుతారు.

అమెరికాలో బండ్లు కుడి పక్కన పోతాయి కాబట్టి వాళ్ళకు కుడి మలుపు తేలిక, ఎడమ మలుపు కష్టం. ఈనో రూలు సూటిగా ఉంది: కుడికి తిరిగే బండి కుడి అంచు వీలైనంత దగ్గరగా పట్టుకుని తిరగాలి; ఎడమకు తిరిగే బండి రెండు వీధులు కలిసే మధ్య బిందువును చుట్టి తిరగాలి. అప్పటిదాకా బగ్గీ తోలేవాళ్ళు మూలను అడ్డంగా కోసి, ఎదురు బండ్ల దారిలోకి దూసుకుపోయేవారు. మధ్య బిందువును చుట్టి తిరగమనడంతో మలుపులో వేగం తగ్గింది, ఎవరు ఎక్కడ ఉంటారో అంచనా కుదిరింది. ఇవాళ మన ఊళ్ళలో సర్కిల్ మధ్య విగ్రహాన్ని చుట్టి కుడికి పోవడం వెనక ఉన్నదీ ఈ ఆలోచనే.

రూలు కాగితం మీద ఉంది. రోడ్డు మీదికి ఎలా తేవాలి? మిషిగన్ రాష్ట్రం వేన్ కౌంటీలో రోడ్ల కమిషనర్ ఎడ్వర్డ్ హైన్స్ 1911లో ఒక రోడ్డు మధ్యన తెల్ల గీత గీయించాడు. పాల బండి నుంచి కారుతున్న పాలు రోడ్డు మీద గీతలా పడటం చూసి ఆ ఆలోచన వచ్చిందని చెప్పుకుంటారు. ఆ గీతే తర్వాత లేన్లు విడదీసే గీతలకు, లేన్‌లోని బాణాలకు దారి తీసింది.

లైట్ల కథ ఇంకాస్త పాతది. 1868 డిసెంబరులో లండన్ పార్లమెంటు భవనం బయట రైల్వే ఇంజనీరు జాన్ పీక్ నైట్ గ్యాసు దీపాల సిగ్నల్ పెట్టించాడు. నెల తిరగకుండానే గ్యాసు లీకై అది పేలింది, దాన్ని తిప్పే పోలీసు గాయపడ్డాడు. 1914 ఆగస్టులో క్లీవ్‌లాండ్‌లో కరెంటు సిగ్నల్ వచ్చింది. 1920లో డెట్రాయిట్ పోలీసు అధికారి విలియం పాట్స్ ఎరుపు, పచ్చ లైట్ల మధ్య పసుపు లైటు చేర్చాడు.

సిగ్నల్‌తో ఒక కొత్త ఇబ్బంది తలెత్తింది. పచ్చ లైటు పడినా ఎదురు బండ్లు ఆగేదాకా మళ్ళేవాడు కదలలేడు. అతని వెనక నేరుగా పోయేవాళ్ళంతా నిలిచిపోతారు. ఒక్క బండి మలుపు కోసం ఇరవై బండ్లు ఆగడం ఇంజనీర్లకు నచ్చలేదు. 1930లు, 40లలో అమెరికా కూడళ్ళలో చిన్న దిమ్మెలు కట్టి, గీతలు గీసి, మళ్ళేవాళ్ళు పక్కకు తప్పుకుని నిలబడే జాగా తయారు చేయడం ఊపందుకుంది. ఇవాళ్టి మలుపు లేన్ అసలు పని అప్పుడే ఖాయమైంది: మళ్ళేవాడు తన వంతు వచ్చేదాకా ఎవరికీ అడ్డం లేకుండా వేచి ఉండే చోటు అది.

పదో షెడ్యూలు, క్లీనర్ చెయ్యి

మన దేశమంతటికీ వర్తించే మొదటి మోటారు వాహనాల చట్టం 1914లో వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 1939 చట్టం మలుపుల గురించి విడమరిచి చెప్పింది. దాని పదో షెడ్యూలు బండి నడిపే నియమాలకు, పదకొండో షెడ్యూలు చేతి సైగలకు కేటాయించారు. 1988లో కొత్త చట్టం చేసి, 1989 జూలై 1 నుంచి అమలు చేసినప్పుడు ఆ నియమాలే చాలావరకు 'రూల్స్ ఆఫ్ ది రోడ్ రెగ్యులేషన్స్'గా కొనసాగాయి.

వాటిలో మలుపు సూత్రం ఒకే వాక్యం. ఎడమకు తిరిగేవాడు తానున్న రోడ్డులోనూ, చేరబోయే రోడ్డులోనూ ఎడమ అంచుకు దగ్గరగా ఉండాలి. కుడికి తిరిగేవాడు ముందు రోడ్డు మధ్యకు వీలైనంత దగ్గరగా జరిగి, తిరిగాక కొత్త రోడ్డులో ఎడమ పక్కకు చేరాలి. లేన్ గీతలు లేని పల్లె రోడ్డు మీద కూడా ఈ సూత్రం పనిచేస్తుంది. బాణాలు గీసిన మలుపు లేన్ ఈ వాక్యాన్నే రోడ్డు మీద చూపిస్తుంది. లేన్లు గీసి ఉన్నచోట వాటిలోనే నడపాలని, మారేముందు సిగ్నల్ ఇవ్వాలని అదే నిబంధనల్లో ఉండేది. 2017 జూన్‌లో వీటి బదులు కొత్త డ్రైవింగ్ నిబంధనలు వచ్చాయి.

ఇండికేటర్లు రాకముందు సిగ్నల్ అంటే చెయ్యే. కుడికి తిరగాలంటే కుడి చేతిని బయటికి చాచి అరచేతిని ముందుకు చూపాలి. ఎడమకైతే అదే కుడి చేతిని చాచి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పాలి. చిత్తూరు నుంచి మద్రాసుకు, బెంగళూరుకు సరుకు మోసిన లారీల్లో ఎడమ పక్క కనిపించేది క్లీనర్‌కే. అతను తలుపు మీద చరిచి, చెయ్యి ఊపి వెనకవాళ్ళకు చెప్పేవాడు. ఆ సైగ అర్థమయ్యేది ఆ దారిలో రోజూ తిరిగేవాళ్ళకే. వాళ్ళలో వాళ్ళకు ఒక ఒప్పందం ఉండేది.

కొండ నేర్పిన పాఠం

కొత్తవాళ్ళ రాకతో రోడ్డు రూలు ఎలా మారుతుందో చూడటానికి తిరుమల ఘాట్ రోడ్డు కంటే మంచి ఉదాహరణ ఆంధ్రదేశంలో దొరకదు. 1944 ఏప్రిల్ 10న మొదటి ఘాట్ రోడ్డు ప్రారంభమైంది. మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ కాలమది. అంతకుముందు కొండెక్కాలంటే కాలినడక, లేదా డోలీ. రోడ్డు పడ్డాక బస్సులు మొదలయ్యాయి, ఏటేటా యాత్రికులు పెరిగారు. 19 కిలోమీటర్ల ఆ రోడ్డులో ముప్పైకి పైగా హెయిర్‌పిన్ మలుపులున్నాయి. ఎక్కే బస్సు, దిగే బస్సు అలాంటి మలుపులో ఎదురుపడితే ఒకటి ఆగాల్సిందే.

1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చింది. దాంతో ఎక్కడానికి కొత్త రోడ్డు, దిగడానికి పాత రోడ్డు అన్న ఏర్పాటు స్థిరపడింది. మలుపుల సంఖ్య తగ్గడం కంటే పెద్ద లాభం ఎదురు లేకుండా పోవడం. మాడవీధుల్లో రథానికి ఉన్న సౌకర్యం కొండ మీద మోటారు బండికి దక్కింది. మరీ వేగంగా పోకుండా ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు కనీస సమయంగా పెట్టారు. అంతకంటే ముందే చేరితే వేగంగా నడిపినట్టు లెక్క. ఘాట్‌లో ఒక్కసారి కూడా నడపని డ్రైవరు చేతికి ఆ మలుపులు అప్పగించాల్సి వచ్చినప్పుడు, అతని నేర్పు మీద భారం వేయకుండా రోడ్డే జాగ్రత్త తీసుకునేలా చేసిన ఏర్పాటు ఇది.

కొండ దిగి అలిపిరి దాటగానే ఆ భద్రత పోతుంది. ఎదురు బండ్లు, అడ్డరోడ్లు, కుడి మలుపులు అన్నీ ఒక్కసారిగా మొదలవుతాయి.

బాణం ఏం చెబుతుంది?

దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1934 డిసెంబరులో పుట్టింది. రోడ్డు గీతల గురించి అది తెచ్చిన ఐఆర్‌సీ 35 మొదటిసారి 1970లో వెలువడింది, 1997లోనూ 2015లోనూ సవరించారు. సిగ్నళ్ళ మీద ఐఆర్‌సీ 93 1985లో, కూడళ్ళ రూపకల్పన మీద ఎస్‌పీ 41 1994లో వచ్చాయి. ఇంజనీర్ల బీరువాల్లో ఉండే ఈ పుస్తకాల్లోని విషయం బండి నడిపే ప్రతివాడికీ పనికొచ్చేదే.

కూడలికి దూరంగా ఉన్నప్పుడు లేన్ల మధ్య గీత తెగి తెగి ఉంటుంది. అంటే ఇంకా లేన్ మారవచ్చు. స్టాప్ లైన్ దగ్గరపడే కొద్దీ గీత తెగకుండా సాగుతుంది. అక్కడి నుంచి మారకూడదు. బాణాలు ఒక్కచోటే కాకుండా వరుసగా గీసేది, ముందున్న బస్సు ఒకదాన్ని కప్పేసినా ఇంకొకటి కనపడాలనే. సర్దుకోవడానికి సమయం గీత తెగి ఉన్న భాగంలోనే. ముందు అద్దం చూసుకోవాలి, ఆ తర్వాత ఇండికేటర్ వేయాలి, భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసి జరగాలి. ఇండికేటర్ వేస్తూనే జరిగితే వెనకవాడికి ఏమీ చెప్పనట్టే.

తప్పు లేన్‌లో ఇరుక్కున్నవాడు ఏం చేయాలి? ఆ లేన్ ఎటు పోతే అటే పోవాలి. ముందున్న యూ టర్న్ దగ్గర తిరిగి వస్తే ఐదు నిమిషాలు పోతాయి. స్టాప్ లైన్ దగ్గర అడ్డంగా తిప్పితే మూడు వరుసలు ఆగుతాయి, పక్కనే ఉన్న బైకు మీద పిల్లలతో పోయే కుటుంబం చక్రాల కింద పడే ప్రమాదం ఉంటుంది. తిరుపతికి మొదటిసారి వచ్చిన ప్రతి డ్రైవరుకూ ఎవరైనా చెప్పాల్సిన మొదటి మాట ఇది.

కుడి లేన్‌లో ముందు నిలబడినవాడికి ఇంకో జాగ్రత్త కావాలి. పచ్చ లైటు వస్తే నేరుగా పోయే ఎదురు బండ్లకు దారి ఇచ్చి ఖాళీ చూసుకుని తిరగాలి. పచ్చ బాణం విడిగా పడేచోట ఎదురువాళ్ళకు ఎర్ర లైటు ఉంటుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. తిరగడానికి ఆగి ఉన్నప్పుడు ముందు చక్రాలు ఖాళీ వచ్చేదాకా తిన్నగా ఉంచాలి. ముందే తిప్పి ఉంచితే, వెనక నుంచి ఎవరైనా గుద్దినప్పుడు బండి నేరుగా ఎదురు వరుసలోకి పోతుంది.

ఫ్రీ లెఫ్ట్ అంటే

మన ఊళ్ళలో ఎక్కువ గొడవ జరిగేది ఎడమ లేన్ దగ్గర. ఎర్ర లైటు ఉన్నా ఎడమకు తిరగవచ్చన్న నమ్మకం అంతటా ఉంది. అది ప్రతి సర్కిల్‌లో ఉన్న హక్కు కాదు. ఫ్రీ లెఫ్ట్ బోర్డో, పచ్చ బాణమో, దిమ్మెతో విడదీసిన దారో ఉన్నచోటే వర్తిస్తుంది. మిగతాచోట్ల ఎర్ర లైటు అందరికీ ఎర్ర లైటే.

అమెరికాలో దీనికి సరిజోడు ఎర్ర లైటులో కుడికి తిరగడం. 1973 చమురు సంక్షోభం తర్వాత, ఆగి ఉన్న బండ్లు తాగే ఇంధనం ఆదా చేయాలని 1975లో చేసిన చట్టం వల్ల అది దాదాపు దేశమంతా వ్యాపించింది. అక్కడ ఒక షరతు ఉంది. ముందు పూర్తిగా ఆగాలి, నడిచేవాళ్ళు లేరని చూసుకోవాలి, తర్వాతే తిరగాలి. ఎడిసన్‌లోనో డాలస్‌లోనో డ్రైవింగ్ పరీక్షకు వెళ్ళే మన తెలుగు పిల్లలు మొదట నేర్చుకునే కొత్త అలవాటు ఈ ఆగడమే. న్యూజెర్సీలో మరో చిత్రం ఉంది. 1950ల చివరి నాటికే అక్కడి పెద్ద రోడ్ల మీద ఎడమకు పోవాల్సినవాళ్ళు ముందు కుడి పక్కనున్న చిన్న దారిలోకి దిగి, చుట్టు తిరిగి, అడ్డరోడ్డు మీదుగా దాటే ఏర్పాటు చేశారు. ఎదురు బండ్లను కోసే మలుపును మొత్తంగా తీసేయడమే దాని ఉద్దేశం.

తిరుపతిలో ఫ్రీ లెఫ్ట్‌కు అడ్డం పడేవి రెండు. నేరుగా పోయే బైకులు సందు దొరికిందని ఎడమ లేన్ ముందుకు వచ్చి నిలబడతాయి, వెనక బస్సు కదలలేదు. అలాగే ఎడమ లేన్‌లోనే ఆటో ఆపి మనుషులను ఎక్కించుకుంటారు. ఈ రెండింటి వెనక ఇంకో ముఖ్యమైన విషయం మరుగున పడుతోంది. అలిపిరి మెట్ల దారికి చెప్పులు లేకుండా నడిచిపోయే భక్తులు ప్రతి కూడలిలో దాటాల్సింది ఈ ఎడమ మలుపునే. ముసలివాళ్ళుంటారు, తల మీద మూటలుంటాయి, చంకలో పిల్లలుంటారు. ఫ్రీ లెఫ్ట్‌లో దారి మొదట వాళ్ళది, ఆ తర్వాతే బండిది.

చుట్టి పోయే దారి

లైట్లు లేకుండా మలుపు సమస్యను తీర్చే మార్గం రౌండ్‌అబౌట్. 1905లో న్యూయార్క్ కొలంబస్ సర్కిల్‌లో అందరూ ఒకే దిశలో చుట్టి పోవాలన్న ఏర్పాటు ఈనోదే. రెండేళ్ళకు పారిస్ అనుసరించింది. కానీ లోపలికి వచ్చేవాడిదా, లోపల తిరిగేవాడిదా ముందు వంతు అన్నది చాలాకాలం తేలలేదు. వచ్చేవాళ్ళందరూ దూరిపోతే సర్కిల్ లోపల ముడిపడి ఎవరూ కదలలేని స్థితి వచ్చేది. 1966 నవంబరులో బ్రిటన్ తేల్చింది: లోపల తిరుగుతున్నవాడిదే మొదటి వంతు. అప్పటి నుంచి అడ్డంగా కోసే చోట్లు లేని ఈ ఏర్పాటు ప్రపంచమంతా మళ్ళీ ఆదరణ పొందింది. 32 చోట్ల తాకిడి ఇక్కడ 8కి తగ్గుతుంది.

మన 1989 నిబంధనలు కూడా పెద్ద రోడ్డు అని గుర్తించని కూడలిలో కుడి పక్క నుంచి వచ్చేవాడికి దారి ఇవ్వాలన్నాయి. మనకు బండ్లు సర్కిల్‌ను ప్రదక్షిణగా చుట్టుతాయి కాబట్టి, లోపల తిరిగేవాడు కొత్తగా వచ్చేవాడికి ఎప్పుడూ కుడి పక్కనే కనిపిస్తాడు. ఆ ఒక్క రూలు పాటిస్తే తిరుపతి అన్నమయ్య సర్కిల్ అయినా, చిత్తూరు గాంధీ విగ్రహం దగ్గరైనా పోలీసు ఈల అవసరం చాలావరకు తగ్గుతుంది. ఇక్కడా లేన్ ముందే ఎంచుకోవాలి. మొదటి దారిలో దిగిపోయేవాడు బయటి వరుస పట్టుకోవాలి, కుడికి పోయేవాడు విగ్రహం పక్క వరుస పట్టుకుని, దిగేముందు ఎడమ ఇండికేటర్ వేయాలి.

మామిడి ట్రాక్టరు, హైవే డివైడర్

చిత్తూరు కథ వేరు. పాత ఎన్‌హెచ్ 4 మీద, మద్రాసు బెంగళూరుల మధ్య ఈ ఊరు లారీలకు విడిది. ఇవాళ బెంగళూరు వైపు ఎన్‌హెచ్ 69, కర్నూలు నుంచి రాణిపేటకు పోయే ఎన్‌హెచ్ 40 ఇక్కడ కలుస్తాయి. పూతలపట్టు దగ్గర తిరుపతి దారి ఎన్‌హెచ్ 140 చీలుతుంది. ఈ రోడ్ల మీద సమస్య సిగ్నల్ దగ్గర కాదు, డివైడర్‌కు ఇచ్చిన సందు దగ్గర.

జూన్, జూలై నెలల్లో తోతాపురి మామిడి కాయ కోతకు వస్తుంది. గుజ్జు ఫ్యాక్టరీలకు ట్రాక్టర్లు బారులు తీరతాయి. ట్రెయిలర్ నిండా కాయతో ఉన్న ట్రాక్టరు హైవే మీద కుడికి తిరగాలంటే వేగంగా వచ్చే లారీల ముందు ఆగాలి. డివైడర్‌లోకి కోసి ఇచ్చిన అదనపు లేన్ ఉంటే ట్రాక్టరు అందులోకి తప్పుకుని నిలబడుతుంది. లేకపోతే దాని వెనక భాగం వేగపు లేన్‌లోనే మిగిలిపోతుంది. నాలుగు లేన్ల హైవేల ప్రమాణ పుస్తకం ఐఆర్‌సీ ఎస్‌పీ 84 ఇలాంటి నిలుపు లేన్లు ఇవ్వమని చెబుతుంది. అవి ఉన్నచోట రైతుకూ లారీ డ్రైవరుకూ ఇద్దరికీ ప్రాణరక్షణ. సందు దూరంగా ఉన్నచోట ట్రాక్టర్లు రాంగ్ రూట్‌లో వస్తాయి. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ, ఎర్ర లైటు దాటడాన్నీ ఎదురు దిశలో నడపడాన్నీ ప్రమాదకర డ్రైవింగ్ కింద చేర్చింది. చట్టం ఒక్కటే సరిపోదు. పొలానికి దగ్గరలో భద్రంగా తిరిగే చోటు ఇచ్చినప్పుడే ఆ రైతు రూలు పాటించగలడు.

పొడవాటి బండి పక్కన ఉండేవాళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటుంది. మలుపులో ట్రెయిలర్ వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుని వస్తాయి. అందుకే ఆర్టీసీ బస్సు ఎడమకు తిరిగేముందు కాస్త కుడికి జరుగుతుంది. ఖాళీ వచ్చిందనుకుని బైకు ఎడమ పక్కన దూరితే వెనక చక్రం దాని మీదికే వస్తుంది. బస్సు ఇండికేటర్ ఎటు చూపితే ఆ పక్కకు పోకూడదు.

సేతువు కింద

2023 సెప్టెంబరులో తిరుపతిలో శ్రీనివాస సేతు పూర్తిగా అందుబాటులోకి వచ్చింది. మొదట గరుడ వారధి పేరుతో తలపెట్టిన ఈ ఫ్లైఓవర్‌ను తిరుమల తిరుపతి దేవస్థానం (టీటీడీ), తిరుపతి స్మార్ట్ సిటీ కలిసి కట్టించాయి. తిరుచానూరు వైపు నుంచి కపిలతీర్థం దాకా కొండకు పోయే బండ్లు ఊరి సర్కిళ్ళ మీదుగా పైనుంచే పోతాయి. నేరుగా పోయేవాళ్ళు పైకి వెళ్ళారు కాబట్టి కింద మిగిలినవాళ్ళలో మళ్ళేవాళ్ళ పాలు పెరిగింది. మలుపు లేన్ల అవసరం తగ్గలేదు, ఇంకా ఎక్కువైంది. ర్యాంపు ఎక్కాలా, కింద పోవాలా అన్నది కూడా ఇప్పుడు కొత్త డ్రైవరు ముందే తేల్చుకోవాల్సిన విషయమే.

కొత్తవాళ్ళకు దారి ముందే చెప్పడం ఈ ఊరికి చేతకాక కాదు. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు కోసం ఏ దారిలో వచ్చినవాళ్ళు ఎక్కడ బండి ఆపాలో, ఎటు తిరగాలో ముందే ప్రకటిస్తారు, ఘాట్ రోడ్ల మీద బైకులు ఆపేస్తారు, సర్కిల్ సర్కిల్‌కూ మనుషులను నిలబెడతారు. లక్షలమంది కొత్తవాళ్ళు ఆ ఒక్క రోజులో వచ్చి వెళతారు. మిగతా రోజుల్లో అంతమంది పోలీసులు ఉండరు. ఆ పని రంగు, బోర్డు చేయాలి. ఈశాన్య రుతుపవనాల వానలకు, టైర్ల రాపిడికి తారు మీద బాణాలు అరిగిపోతాయి. ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు ఒకసారి, వానలు వెళ్ళాక జనవరిలో ఇంకోసారి వాటిని తిరిగి వేయాలి. రేణిగుంట, చంద్రగిరి, పుత్తూరు దారుల్లో సర్కిల్‌కు చాలా ముందే, తల మీద కనిపించేలా, అలిపిరికి ఏ లేన్, బస్టాండుకు ఏ లేన్, తిరుచానూరుకు ఏ లేన్ అని తెలుగుతో పాటు తమిళంలో, కన్నడంలో, హిందీలో రాసిన బోర్డులు నిలపాలి.